ఆరు వందల గ్రాములు

జూన్ 4, మంగళవారం

తెల్లవారకముందు నుంచి సన్న జల్లు. ఎనిమిదింటికి తెరిపిచ్చింది. నెలలో మొదటి మంగళవారం కాబట్టి బరువులు. కేంద్రంలో పేర్లున్న ముప్పై ఒక్క మంది పిల్లల్లో ఇరవై ఎనిమిది మంది వచ్చారు. రాని ముగ్గురి ఇళ్ళకూ మధ్యాహ్నం కాటా మోసుకుని నేనే వెళ్ళాను. ఒక ఇంట్లో తగిలించడానికి దూలం కూడా లేదు. తలుపు చట్రానికి మేకు కొట్టి తగిలించాను.

బరువు కార్డుల్లో అందరూ ఆకుపచ్చలోనే ఉన్నారు. కిందటి ఏడు మే నెల నుంచి మా పట్టికలో ఎరుపు గడి సున్నా.

తమ్ముడి కూతురిని చివర తూచాను. ఏడు నెలలు. ఆకుపచ్చ అంచున ఉంది. కార్డు ఇస్తే మరదలు చూడలేదు. పిల్లను కాటా జోలెలోంచి తీసి, రెండు చేతుల మీద పడుకోబెట్టుకుని కాసేపు అలాగే నిలబడింది.

"ఇది బరువెక్కడం లేదు వదినా. నా చేతికి తెలుస్తోంది."

"నీ చేతికి కాటా ముల్లుందా?" అన్నాను.

ఆయా నవ్వింది. మరదలు కూడా నవ్వింది.

జూన్ 11

వాన. పదమూడు మందే వచ్చారు. కింది వరస ప్లగ్గు రంధ్రాలకు అట్టముక్క అంటించాను. మందుల పెట్టె పై అరకు మార్చాను. పెరట్లో నీళ్ళ తొట్టికి మూత చెయ్యమని వడ్రంగికి మూడోసారి చెప్పాను. "తొట్లో పడేంత చిన్నపిల్లలు మీ దగ్గరెక్కడున్నారండీ?" అన్నాడు. పిల్లల కేంద్రంలో చిన్నపిల్లలు లేరట.

జూన్ 19

సూపర్వైజరు మేడమ్ వచ్చింది. టీకాల రిజిస్టరు, బరువుల రిజిస్టరు చూసింది. పదమూడు నెలలుగా ఒక్క ఎరుపు కూడా లేని కేంద్రం ఈ చుట్టుపక్కల మాదొక్కటేనట. పేరు పైకి పంపిస్తానంది.

"ఎలా చేస్తున్నావమ్మా? మిగతావాళ్ళకు చెప్పు కొంచెం."

ఇళ్ళ వెంట తిరుగుతానని చెప్పాను. అది నిజమే.

జూలై 2, మంగళవారం

బరువులు. ఉక్క. ముప్పై ఒక్క మందీ వచ్చారు.

తమ్ముడి కూతురు ఆరు కిలోల నాలుగు వందలు. నెలకు వంద గ్రాములే పెరిగింది. అయినా ఆకుపచ్చే, గీతకు వెంట్రుకవాసి పైన. మరదలు మళ్ళీ అదే మాట. పిల్ల తొడలు ముడతలు పడుతున్నాయట, స్నానం చేయిస్తుంటే ఎముక తగులుతోందట, పట్నం ఆసుపత్రిలో చూపిస్తుందట. నాకు కోపం వచ్చింది. ఊళ్ళో అందరికీ నా మాట కావాలి, మా వాళ్ళకు మాత్రం పట్నం డాక్టరు కావాలి.

సాయంత్రం తమ్ముడు నా ముందే ఆమెతో అన్నాడు: "అక్క చూసిందంటే ఇంకెవరూ చూడక్కర్లేదు. ఆ మాట ఇంక ఎత్తకు."

ఆమె ఎత్తలేదు. నాకు సంతోషం వేసింది. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను.

జూలై 5

పొద్దున ఒక పిల్లాడు జోలె పాడుచేశాడు. ఆయా ఉతికింది. బయట వాన, దండెం మీద చోటు లేదు. కాటా కొక్కేనికి తగిలించింది.

"టీచరమ్మా, ఇటు చూడు. పిల్లలెవరూ లేకుండానే ముల్లు కదిలింది. దయ్యం కూర్చున్నట్టుంది ఇందులో."

"దయ్యానికి కార్డు రాయమంటావా?" అన్నాను.

ముల్లు తొమ్మిది వందల మీద ఉంది. తడి బరువు.

జూలై 6

జోలె ఆరింది. ఆరు వందలు.

జూలై 7, ఆదివారం

ఇంట్లో ఎవరూ లేరు. కేంద్రం తాళం తీసి ఒక్కదాన్నే కూర్చున్నాను. కిలో ఉప్పు ప్యాకెట్టు, సీలు విప్పనిది, జోలెలో వేసి తూచాను. కిలో ఆరు వందలు. దారంతో కట్టి నేరుగా కొక్కేనికి తగిలిస్తే కిలో. రెండుసార్లు చూశాను. మూడోసారి కూడా చూశాను.

కాటాతో వచ్చిన పాత జోలె పలచటి గుడ్డ. ముల్లును దానికి సరిపెట్టి ఇచ్చారు. కిందటి ఏడు ఏప్రిల్లో దాని కుట్టు ఊడి ఒక పిల్ల జారింది. కింద నా కాలు ఉంది కాబట్టి తల నేలకు తగల్లేదు. ఆ రోజు మా ఆయనతో చెబితే, లారీ షెడ్డులో పనిచేస్తారు కదా, లారీల మీద కప్పే పట్టా ముక్క తెచ్చారు. నేను రెండు వరసలుగా మడిచి కుట్టాను. నాలుగు మూలలా ఇనుప రింగులు వేశాను. కుడుతుంటే చూసి, "ఇది పిల్లలకా, దున్నపోతులకా?" అన్నారు. ఏనుగును వేసినా తెగదని చెప్పాను. పిల్ల పడకూడదు, అంతే నా బుర్రలో ఉంది.

నేను పిల్లను ఒళ్ళో పెట్టుకుని, జోలె తొడిగి, అప్పుడు ఎత్తి కొక్కేనికి తగిలిస్తాను. అలా అయితే ఏడవరు. ఖాళీ జోలె తగిలించి చూడడం ఈ పద్నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా జరగలేదు. శిక్షణలో చెప్పారు. ముందు ఖాళీ జోలె, తరవాత సున్నా, ఆ తరవాతే పిల్ల. నా నోట్సులో నా చేతిరాతతోనే ఉంది. ఇవాళ తీసి చూశాను. దాని కింద రెండు గీతలు కూడా గీశాను.

ఆకుపచ్చ అంటే ఇంటికి పంపడం. పసుపు అంటే బలానికి పొడి ప్యాకెట్టు ఇచ్చి కనిపెట్టి ఉండడం. ఎరుపు అంటే అదే రోజు పట్నం ఆసుపత్రి. ముప్పై ఒక్క కార్డులు. ఒక్కో కార్డులో ఆరు వందలు తీసేస్తే ఎవరు ఎక్కడ ఉన్నారో పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

కార్డులు బీరువాలోనే ఉన్నాయి.

జూలై 8

స్ప్రింగు పాతబడి ఉండొచ్చు. కాటాలు కూడా మనుషుల్లాంటివే.

ఆయాతో ఏమీ అనలేదు. జోలె మడిచి లోపల పెట్టాను.

జూలై 10

ముల్లు కింద చిన్న మర ఉంది. తిప్పితే సున్నా జరుగుతుంది. ఇవాళ తిప్పి చూశాను, మళ్ళీ ఉన్నచోటికి తెచ్చాను.

ఒక్కసారిగా సరిచేస్తే వచ్చే నెల ముప్పై ఒక్క మందీ ఒక్కసారే చిక్కినట్టు కనిపిస్తారు. ఎవరైనా అడుగుతారు. నెలకు వంద చొప్పున తిప్పితే ఆరు నెలల్లో సరి అవుతుంది. పిల్లలు ఎలాగూ నెలకు కొంత పెరుగుతారు, ఆ పెరుగుదలలో కలిసిపోతుంది. ఎవరికీ బెదురు ఉండదు. జనవరికల్లా కాటా నిజం చెబుతుంది.

ఇది తప్పు దిద్దడమే. నెమ్మదిగా దిద్దడం.

జూలై 14

తమ్ముడింటికి వెళ్ళాను. గోడ అవతలే కదా, నాలుగు గుడ్లు పట్టుకెళ్ళాను. మరదలు పిల్లకు పాలిస్తోంది. తమ్ముడు సైకిలుకు గాలి కొడుతున్నాడు.

"ఊరికే ఒకసారి పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళండిరా," అన్నాను.

"ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే ఎవరైనా వెళ్తారా అక్కా? రోజు పని పోతుంది. కార్డు ఎట్లా ఉంది?"

"ఆకుపచ్చే."

"మరి?"

మరదలు తల ఎత్తి నన్ను చూసింది. నేను చెప్పబోయేది ఏదో ఉందని ఆమెకు తెలిసినట్టే ఉంది.

"ఈమె నస పెట్టిందా నీకు?" అన్నాడు తమ్ముడు.

"లేదు."

"నువ్వు బాగుందంటే బాగున్నట్టే. నీకన్నా పట్నం డాక్టరుకు ఎక్కువ తెలుసా ఏంటి?"

గుడ్లు గిన్నెలో పెట్టి వచ్చేశాను. పచ్చసొన మెత్తగా మెదిపి పెట్టమని చెప్పాను.

జూలై 23

గుడ్లు రోజూ ఇస్తున్నాను. పిల్ల రెండు చెంచాలు తిని మొహం తిప్పుకుంటోందట.

ఆగస్టు 6, మంగళవారం

వాన లేదు, మబ్బు. ఆయా రాకముందే వెళ్ళి మర వంద తిప్పాను. బరువులు. చాలామంది పోయిన నెల ఎంతో ఈ నెలా అంతే. తల్లులు గమనించలేదు. ఒకామె మాత్రం, "వానాకాలం కదా, తిండి ఒంటపట్టదు," అని తనే చెప్పింది. అవునన్నాను.

తమ్ముడి కూతురు ఆరు కిలోల రెండు వందలు. పసుపు.

మొదటిసారి మా పట్టికలో పసుపు పడింది, అదీ మా ఇంటి పిల్లకే. నాకు దాదాపు ఊరట కలిగింది. ఇంక నేను కల్పించి చెప్పక్కర్లేదు, కార్డే చెబుతుంది. పొడి ప్యాకెట్లు రెండు ఇచ్చి మరదలికి కలిపే పద్ధతి చెప్పాను. నీళ్ళు కాచి చల్లార్చాలి, చేతులు సబ్బుతో కడగాలి, చెంచాతోనే పెట్టాలి, సీసా వద్దు.

కాటాలో ఇంకా అయిదు వందలు ఉన్నాయి. ఆరు కిలోల రెండు వందల్లోంచి అయిదు వందలు.

తీసివేత చెయ్యలేదు.

ఆగస్టు 9

తమ్ముడు దారిలో కలిశాడు. "పసుపేగా అక్కా, ఎరుపు కాదుగా," అన్నాడు. కాదన్నాను.

ఆగస్టు 14

ఎరుపు లేని కేంద్రమని సర్టిఫికెట్టు వచ్చింది. అద్దం కట్టి పంపారు. గోడకు తగిలించడానికి మా ఆయన మేకు కొట్టారు. వంకరగా ఉందని ఆయా రెండుసార్లు సర్దింది.

ఆగస్టు 20

ఎండ. టీకాల రోజు. నర్సు వచ్చింది. పదకొండు మందికి వేసింది. తట్టు టీకాకు తమ్ముడి కూతురి వంతు. నర్సు పిల్ల చెయ్యి పట్టుకుని, "ఏంటి ఇంత సన్నగా ఉంది?" అంది. "పసుపులో ఉంది, చూస్తున్నాం," అన్నాను. నర్సు కార్డు చూసి వేసేసింది. అందరూ కార్డే చూస్తారు. నేనూ అంతే.

ఆగస్టు 26, సోమవారం

మూడు రోజులుగా పిల్లకు విరేచనాలు. ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు పట్టిస్తున్నారు. పొద్దున కళ్ళు లోపలికి పోయాయి. ఏడిస్తే కన్నీళ్ళు రావడం లేదు. ఆయాకు కేంద్రం అప్పగించి, తమ్ముడు, మరదలు, నేను ఆటోలో పట్నం ఆసుపత్రికి వెళ్ళాం.

అక్కడ బల్ల కాటా. పిల్లను బట్టలు తీసి పడుకోబెట్టారు. అయిదు కిలోల రెండు వందలు.

డాక్టరు మా కార్డు అడిగి తీసుకుంది. చిన్న వయసు, కళ్ళజోడు. కార్డు చూసి, కాటా చూసి, మళ్ళీ కార్డు చూసింది.

"ఇరవై రోజుల కిందట ఆరుంపావు దగ్గర ఉందే. ఇరవై రోజుల్లో కిలో తగ్గిందా? ఏం పెడుతున్నావమ్మా పిల్లకు?"

"పెడుతున్నానండీ. పాలు, గుడ్డు, పొడి."

"పెడితే కిలో తగ్గుతుందా? విరేచనాలు మూడు రోజులే అంటున్నావు. మూడు రోజులకు ఇంత కాదు. అంతకు ముందు నుంచీ పస్తులుంచారు పిల్లని. ఆడపిల్లని కడుపు మాడ్చారా?"

మరదలు మెడ వంచుకుని నిలబడింది. తరవాత నా వైపు తిరిగింది.

"వదినా, నువ్వు చెప్పు. నేను పెడుతూనే ఉన్నానని చెప్పు."

"పెడుతూనే ఉందండీ," అన్నాను.

"మీరెవరు?"

"పిల్లల కేంద్రం టీచర్ని."

"మీరు తూచినదేనా ఇది?"

"అవునండీ."

"మీరు సరిగ్గానే రాశారు. ఇంట్లోవాళ్ళు చూసుకోకపోతే మీరేం చేస్తారు," అంది డాక్టరు.

నేను తలుపు దగ్గరే ఉన్నాను. సెలైను ఎక్కించడానికి పిల్ల కాలు పట్టుకోమంటే వెళ్ళి పట్టుకున్నాను. కాలు నా రెండు వేళ్ళలో ఇమిడింది.

ఆగస్టు 27

వార్డులో తమ్ముడు మరదలితో మాట్లాడడం లేదు. "డాక్టరు అబద్ధం చెబుతుందా?" అన్నాడట. ఇది నాకు మరదలు చెప్పలేదు, పక్క మంచం ఆవిడ చెప్పింది.

ఆగస్టు 28

విరేచనాలు తగ్గాయి. పిల్ల ఇంకా మెడ నిలపడం లేదు. మరదలికి జోలె సంగతి చెప్పడానికి వెళ్ళాను. చెప్పలేదు. బిస్కెట్లు ఇచ్చి వచ్చాను.

ఆగస్టు 31

ఎండ. మరదలు వరండా చివర కుళాయి దగ్గర గిన్నె కడుగుతోంది. పక్కన ఎవరూ లేరు.

చెప్పాను. జోలె బరువు కూడా కాటా కలుపుకుంటోందని, పిల్ల కార్డులో రాసినంత ఎప్పుడూ లేదని.

"ఎప్పుడూ అంటే?"

"పుట్టినప్పటి నుంచి. మొదటి నెల తూచింది కూడా ఆ జోలెతోనే."

"ఎంత తక్కువ?"

"ఆరు వందలు. ఆగస్టులో అయిదు వందలు."

"ఆగస్టులో ఎందుకు తగ్గింది?"

అది అడుగుతుందని అనుకోలేదు. మర సంగతి చెప్పాల్సి వచ్చింది.

"అంటే నీకు ముందే తెలుసు."

"జూలైలో తెలిసింది."

కుళాయి పారుతూనే ఉంది. ఆమె గిన్నె దాని కిందే పట్టుకుని ఉంది, నిండి పొర్లిపోతోంది.

"డాక్టరు నన్ను అన్నప్పుడు నువ్వు అక్కడే ఉన్నావు."

"ఉన్నాను."

"నిన్ను మెచ్చుకుంది."

ఆమె కుళాయి కట్టేసి గిన్నె పట్టుకుని లోపలికి వెళ్ళింది.

నేనే వెళ్ళి డాక్టరుకు చెప్పాను. ఆమె షీటు మీద ఒక లైను కొట్టేసి ఇంకోటి రాసింది. మరదలి మంచం దగ్గరికి వెళ్ళి మందు మార్చింది కానీ ఆమెతో ఏమీ అనలేదు.

ఇంటికి వచ్చి మా ఆయనకు చెప్పాను. తమ్ముణ్ణి కూడా పిలిచి చెప్పాను. తమ్ముడు నమ్మలేదు. పెళ్ళాన్ని వెనకేసుకొస్తున్నానని అనుకున్నాడు. "నీకు జాలెక్కువ అక్కా," అన్నాడు. కేంద్రం నుంచి కాటా తెచ్చి, ఉప్పు ప్యాకెట్టు తూచి చూపించాను. అప్పుడు లేచి వెళ్ళిపోయాడు.

"పట్టా తెచ్చింది నేనే కదా," అని మా ఆయన ఒక్కటే మాట అన్నారు.

సెప్టెంబరు 2

సూపర్వైజరు మేడమ్ ఆఫీసుకు వెళ్ళాను. జరిగిందంతా కాగితం మీద రాసి తీసుకెళ్ళాను. చదివి బల్ల మీద బోర్లా పెట్టింది.

"ఈ కాగితం ఇంకెవరికైనా ఇచ్చావా?"

"లేదు మేడమ్."

"సర్టిఫికెట్టు వచ్చి నెల కూడా కాలేదు. పైనవాళ్ళు నన్ను అడుగుతారు, నిన్ను కాదు. ఇన్ని నెలలు నేనేం చూశానంటారు."

"పిల్లలు ఎరుపులో ఉన్నారు మేడమ్. ఎవరెవరో ఇంకా చూడలేదు."

"చూద్దువుగాని. ఒకేసారి వద్దు. నెలకు కొంచెం కొంచెం సరిచేసుకుంటూ రా. ఎవరికీ ఇబ్బంది ఉండదు."

నా బుద్ధే ఆమెకూ పుట్టింది. అంతకన్నా మెరుగైన ఉపాయం ఆఫీసులో కూడా లేదు.

కాగితం తిరిగి ఇచ్చింది. తీసుకోలేదు. అక్కడే వదిలేసి వచ్చాను.

సెప్టెంబరు 3, మంగళవారం

రాత్రి కురిసిన వానకు గుమ్మం ముందు బురద. ఆయా ఇసక చల్లింది. బరువులు. ముందు తల్లులందరినీ కూర్చోబెట్టి, ఖాళీ జోలె తగిలించి ముల్లు చూపించాను. మర తిప్పి సున్నాకు తెచ్చాను. జరిగింది చెప్పాను. జూలై నుంచి నాకు తెలుసని కూడా చెప్పాను.

తరవాత తూచాను. ముప్పై మంది. పదిమంది పసుపు. నలుగురు ఎరుపు.

ఎరుపు పడినవాళ్ళలో నడక వచ్చిన కవల పిల్లలు ఇద్దరున్నారు. వాళ్ళమ్మ కొట్టు నడుపుతుంది. గట్టి మనిషి.

"పోయిన నెల బాగున్నారన్నావు. పొద్దున కూడా ఇంట్లో ఒకళ్ళనొకళ్ళు కొట్టుకుని తిన్నారు. నెలలో ఎండిపోయారా?"

"నెలలో కాదు. ముందు నుంచీ ఇంతే. నేను రాసిందే తప్పు."

"అప్పుడు తప్పని ఇప్పుడు అంటున్నావు. ఇప్పుడు రాసింది తప్పని ఇంకో ఏడాదికి అంటావు. అప్పుడు తూచిందీ నువ్వే, ఇప్పుడు తూచిందీ నువ్వే."

ఉప్పు ప్యాకెట్టు జోలెలో వేసి చూపించాను. సరిగ్గా కిలో.

"ముల్లు నాకు చూపించకు టీచరమ్మా. కొట్లో పొద్దస్తమానం నేను చూపించేది అదే."

అందరూ నవ్వారు. వెనక ఉన్న ఒకామె తన పిల్లను ఎత్తి, చేతులతోనే బరువు చూసుకుని, "బాగానే ఉంది," అని పక్కామెకు చెప్పింది.

ఆయా నోరు విప్పింది. "మీకేమైనా పిచ్చా? ఆవిడ తన తప్పు తనే చెప్పుకుంటోంది. చెప్పకుండా ఉండి ఉంటే మీకు తెలిసేదా?"

"చెప్పకుండానే ఉంది కదా రెండు నెలలు," అంది కవలల తల్లి.



సెప్టెంబరు 5

ఆసుపత్రి బండికి మొన్ననే నేనే ఫోను చేశాను, ఇవాళ గానీ ఖాళీ కాలేదు. పదింటికి వచ్చింది. నలుగురు పిల్లల ఇళ్ళకూ పొద్దున్నే వెళ్ళి చెప్పాను. ఒక తల్లి సంచి సర్దుకుని నా కన్నా ముందే వచ్చి నిలబడింది. ఇంకో ఇంట్లో తల్లి వస్తానంది, అత్తగారు వద్దంది, చివరికి అత్తగారే పిల్లను చంకనేసుకుని ఎక్కింది. కవలల ఇంటికి మూడుసార్లు వెళ్ళాను. కొట్టు ముందు మనుషులున్నారు. "బేరం టైములో రాకు," అంది. మూడోసారి తలుపు మూసే ఉంది, కవలలు లోపల నవ్వుకుంటున్న చప్పుడు వినిపించింది.

బండి పదీ నలభైకి బయలుదేరింది. ఇద్దరు పిల్లలు.

సెప్టెంబరు 6

కవలల ఇంటికి వెళ్ళాను.

సెప్టెంబరు 7

వెళ్ళాను. పొడి ప్యాకెట్లు గుమ్మంలో పెట్టి వచ్చాను. సాయంత్రానికి అవి కేంద్రం గుమ్మంలో ఉన్నాయి.

సెప్టెంబరు 9

నా మీద విచారణకు కాగితం వచ్చింది. అది తేలేవరకు పక్క ఊరి టీచరు ఇక్కడ చూస్తుంది. తాళాలు, రిజిస్టర్లు, ముప్పై ఒక్క కార్డులు అప్పగించాను. కవలల సంగతి రెండుసార్లు చెప్పాను. ఆమె రాసుకుంది. కాటా చూపించి, ముందు ఖాళీ జోలె తగిలించమన్నాను. "నాకు తెలుసండీ," అంది.

సెప్టెంబరు 11, బుధవారం

వాన లేదు. గాలి.

పిల్లను పదిన్నరకు ఆసుపత్రి నుంచి పంపించారు. అయిదు కిలోల తొమ్మిది వందలట. నేను వెళ్ళలేదు, రావద్దని మరదలు కబురు చేసింది. వాళ్ళన్నయ్య వచ్చాడు. మరదలు, పిల్ల, అన్నయ్య పన్నెండింటి బస్సుకు వాళ్ళ ఊరు వెళ్ళారు. తమ్ముడు నాలుగింటికి ఒక్కడే ఇంటికి వచ్చాడు.